మా అబ్బాయికి పదహారేళ్లు. మొన్న పెళ్లిలో తాగి పడిపోయాడు

గుండ్లకమ్మ తీరం

నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ అందరూ రాసేవి చదవడమే కానీ నేను రాసింది లేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పోయిన ఆదివారం మా ఆడపడుచు కూతురి పెళ్లి. ఊరేగింపు ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు, మా వాడు మాత్రం కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే పందిరి వెనుక, వంటవాళ్లు గుండిగలు కడిగే చోట, ట్రాక్టరు చక్రానికి ఆనుకుని ఒరిగిపోయి ఉన్నాడు. పెళ్లికని కుట్టించిన పట్టు చొక్కా నిండా వాంతి. వాడి ఈడు పిల్లలిద్దరు నోట్లో మజ్జిగ పోస్తున్నారు. నన్ను చూసి గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తారు.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మార్కులకు లోటు లేదు, గట్టిగా మాట్లాడి ఎరగడు. పొద్దున్నే మా వారు చెయ్యి చేసుకున్నారు. నేను అడ్డం వెళ్లలేదు. రెండు దెబ్బలు తిన్నాక వాడు తలెత్తి, "ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, కనుమ రోజు డాబా మీద బాబాయి గ్లాసులో వేలు ముంచి నా నాలుక మీద రాశాడు. అప్పుడు మీరందరూ నవ్వారు కదా నాన్నా" అన్నాడు.

మా వారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ కనుమ నాకూ గుర్తుంది. నేను వేయించిన కోడి ముక్కల పళ్లెం పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాను. నేనూ నవ్వాను.

నాలుగు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. ఇప్పుడు ఏం చేయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పండి.

లెక్కల మాస్టారు

అమ్మా, మీరు అడగడమే పెద్ద అడుగు. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. నేను చూసింది చెబుతాను.

"చెడు స్నేహాలు" అని అందరం అంటాం. నా దగ్గర పట్టుబడిన పిల్లల్లో చాలామందిని కూర్చోబెట్టి అడిగాను. మొదటి చుక్క ఎక్కడ తాగావంటే స్నేహితుడి పేరు చెప్పినవారు తక్కువ. మామయ్య, బాబాయి, అన్న, పండగ, పెళ్లి, వినాయక నిమజ్జనం. ఇవే వినిపించాయి. స్నేహితుడు వచ్చేది రెండోసారికి.

అంతకుముందు మరో అధ్యాయం ఉంటుంది. ఆరో ఏడు నుంచే పిల్లవాడిని కొట్టుకు పంపుతాం. సోడా తెమ్మంటాం, ప్లాస్టిక్ గ్లాసులు తెమ్మంటాం, నంజుకోవడానికి పల్లీలు తెమ్మంటాం. ఊళ్లో బెల్టు షాపు అంటే వేరే దుకాణం కాదు, కిరాణా కొట్టే. ఒకే బల్ల మీద ఒకవైపు నోటు పుస్తకం, బల్ల కింద క్వార్టరు సీసా. సీసా తెచ్చిపెట్టినందుకు చిల్లర వాడికే. పదేళ్లు ఇలా నడిచాక పదహారో ఏట "నీకెందుకురా ఇది" అంటే వాడికి అర్థం కాదు. పెద్దవాడినయ్యాననడానికి ఇంట్లో వాడు చూసిన గుర్తు అదొక్కటే.

నల్లమల

మాస్టారూ, క్షమించాలి. తప్పంతా పెద్దవాళ్ల మీద వేస్తే ఎలా? మా నాన్నా తాగేవాడు, నేను ముట్టలేదు. ఎందుకంటే భయం. ఇప్పుడు పిల్లల చేతిలో ఫోను, జేబులో డబ్బు. హీరో సీసా ఎత్తకుండా పాట లేదు. కొట్టకూడదు, తిట్టకూడదు అంటే చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అమ్మగారూ, మీ వారు చేసింది నా దృష్టిలో తప్పు కాదు.

ఎనిమిదేళ్ల వెలుగు

నల్లమల గారికి జవాబు చెప్పే అర్హత నాకుంది.

పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టాను. మా నాన్న బెల్టుతో కొట్టారు. ఆ దెబ్బలతో నేను తాగుడు మానలేదు, దాచడం నేర్చుకున్నాను. ఇంటికి వచ్చేముందు వేపాకు నమలడం, చొక్కా మార్చుకోవడానికి పొలంలో మోటారు షెడ్డులో మరొకటి ఉంచుకోవడం, నాన్న పడుకునే దాకా గుడి అరుగు మీద కూర్చోవడం. పదిహేడేళ్లకే ఇవన్నీ వచ్చేశాయి. ముప్పై ఒకటికి ఉద్యోగం పోయింది, ముప్పై మూడుకు కాలేయం మొండికేసింది. నా భార్య, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన రోజు నుంచి ఈ ఉగాదికి ఎనిమిదేళ్లయింది.

మీకు భయం పనిచేసింది, సంతోషం. కానీ మీ నాన్నగారిని చూసి మీరు లోపల ఏదో నిర్ణయించుకుని ఉంటారు. దెబ్బ కంటే అదే మిమ్మల్ని కాపాడి ఉంటుంది.

అమ్మా, మీ అబ్బాయి దెబ్బ తింటూ కూడా నిజం చెప్పాడు. నేను మా నాన్నకు ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు. ఆ పిల్లవాడి నోరు మూయించకండి.

నల్లమల

మీ మాట ఆలోచించాల్సిందే. మా నాన్న రాత్రి అరుగు మీద పడిపోతే అమ్మ, నేను ఎత్తి లోపల పడుకోబెట్టేవాళ్లం. అది భయం కాదేమో. ఇంతకాలం దాన్ని భయమనే అనుకున్నాను.

స్టెతస్కోపు

వరంగల్‌లో మానసిక వైద్యం చేస్తున్నాను. మిగతా విషయాలకు ముందు ఆ మజ్జిగ సంగతి.

తాగి మత్తులో ఉన్నవారి నోట్లో మజ్జిగ కానీ, నిమ్మరసం కానీ, నీళ్లు కానీ పోయకూడదు. మింగే స్పృహ ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టినా వాంతి గొంతుకు అడ్డం పడి ప్రాణం పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఒకరు దగ్గరే కూర్చోవాలి. తట్టినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఒళ్లు చల్లబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. పిల్లల్లో ఒంట్లో చక్కెర త్వరగా పడిపోతుంది, అది మరో ప్రమాదం. పరువు పోతుందని తెల్లవారే దాకా చూద్దామనుకుని ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చినవారిని చూశాను.

రెండోది బీరు. నా దగ్గరకు వచ్చే పిల్లలందరూ "బీరే కదా డాక్టరు గారూ" అంటారు. తల్లిదండ్రులూ అదే అంటారు. లెక్క చూడండి. స్ట్రాంగ్ బీరులో ఎనిమిది శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో అది 52 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే విస్కీలో 42.8 శాతం. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు తాగితే 120 మిల్లీలీటర్ల విస్కీ, రెండు పెద్ద పెగ్గులు తాగినట్లే. యాభై కిలోల పిల్లవాడు గంటలో అది ఖాళీ చేస్తే మీ అబ్బాయి పరిస్థితే వస్తుంది.

మూడోది వయసు. ముందు వెనుకలు ఆలోచించి "వద్దు" అనే మెదడు భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా తయారయ్యేది ఇరవై అయిదు ఏళ్ల ప్రాంతంలో. సరదాను వెతికే భాగం మాత్రం పద్నాలుగేళ్లకే పరుగు పెడుతుంది. అందుకే ఈ వయసులో అలవాటు తొందరగా నాటుకుంటుంది. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో, పదిహేనేళ్లలోపు మొదలుపెట్టినవారిలో వ్యసనానికి బానిసైనవారు, ఇరవై దాటాక మొదలుపెట్టినవారితో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లున్నారు. "ఎలాగూ తాగుతాడు, ఇంట్లోనే అలవాటు చేద్దాం" అనే తండ్రులకు నేను చెప్పేది ఇదే: ఒక్కో ఏడాది వెనక్కి జరపగలిగితే ఆ ఏడాదంతా లాభమే.

మీ అబ్బాయి ఒక్కసారి తాగినంత మాత్రాన వ్యసనపరుడు కాడు. కానీ ఒంటరిగా తాగుతున్నాడా, నిద్ర కోసం తాగుతున్నాడా, దిగులుగా ఉంటున్నాడా అనేది చూడాలి. అనుమానంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్, 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు.

హాస్టల్ గది 214

నాకు ఇరవై ఏళ్లు. ఇక్కడ అందరూ నాకంటే పెద్దవారు, తప్పుగా రాస్తే మన్నించండి. ఆ అబ్బాయి వైపు నుంచి చెప్పేవాళ్లు ఎవరూ లేరని రాస్తున్నాను.

ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాను. పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా చదువే. నెలకు ఒక్కసారి బయటికి వదిలేవారు. ఆ ఒక్క రోజు మాకు ఆట స్థలం లేదు, ఎక్కడికి వెళ్లాలో తెలియదు. డిగ్రీ చదివే సీనియర్ ఒకడు సీసాలు కొనిపెట్టేవాడు, ఫోనులోనే తలా ఇంత పంపేవాళ్లం. అప్పుడే కట్టిన అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, ఇసుక కుప్ప మీద కూర్చున్నాం. మొదటి గుటక చేదుగా ఉంది. ఎవరికీ నచ్చలేదు. నచ్చలేదని ఒక్కరూ అనలేదు.

కారణం రుచి కాదు. "వద్దు" అనడానికి మాట దొరకదు. వద్దంటే "అమ్మ కూచి" అంటారు, తర్వాత పిలవరు. ఆ కాలేజీలో ఉన్న నలుగురు స్నేహితులూ పోతే ఇంకెవరూ లేరు.

తర్వాత నేను ఒక పద్ధతి పట్టుకున్నాను. నేనే బండి నడుపుతానని ముందే చెప్పేవాడిని. గ్లాసులో సోడా పోసుకుని కూర్చునేవాడిని, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా నాన్న ఒక మాట ఇచ్చారు: "ఎక్కడున్నా, ఎంత రాత్రయినా ఫోను చేయి, వచ్చి తీసుకెళ్తాను, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను." రెండుసార్లు వాడుకున్నాను. నిజంగానే అడగలేదు. మర్నాడు టిఫిన్ తింటూ అడిగారు, చెప్పాను.

ఆంటీ, మీ అబ్బాయికి ఆ మాట ఇవ్వగలరా?

లెక్కల మాస్టారు

బాబూ, "అందరూ తాగుతారు" అనేది పచ్చి అబద్ధమని మీ తోటివారికి చెప్పు. 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతటా చేసిన సర్వే వచ్చింది. పది నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లల్లో మద్యం తాగేవారు 1.3 శాతం. మా బడి ప్రాంతంలో అంతకంటే ఎక్కువే అనిపిస్తుంది. అయినా తాగనివారే ఎక్కువ. తాగేవాడి గొంతు పెద్దది, తాగనివాడు మాట్లాడడు, అంతే. తరగతిలో ఈ అంకె చెప్పినప్పుడు వెనుక బెంచీలో ఒకడు ఊపిరి పీల్చుకోవడం కళ్లారా చూశాను.

ఈత వనం

నల్లగొండ జిల్లా మాది. ఇక్కడ అందరూ మద్యాన్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. మా ఇళ్లలో బోనాలకు, పెళ్లిళ్లకు కల్లు లేకుండా జరగదు. మా నాయనమ్మ ఈత కల్లు చిన్న గిన్నెలో పోసి పిల్లలకూ ఇచ్చేది, ఒంటికి చలువ అనేది. మేమెవరం తాగుబోతులం కాలేదు. గీత కార్మికుల బతుకు కూడా దీనితోనే ముడిపడి ఉంది. సీసా మద్యాన్నీ చెట్టు కల్లునూ ఒకటే అంటే ఒప్పుకోను.

స్టెతస్కోపు

మీ నాయనమ్మ ఇచ్చింది తెల్లవారుజామున దించిన తాజా కల్లు. పులిసిన కొద్దీ దానిలోనూ ఆల్కహాల్ పెరుగుతుంది. ఇప్పుడు పట్టణాల కల్లు దుకాణాల్లో అమ్మేది చాలాచోట్ల చెట్టు నుంచి వచ్చిందే కాదు. అల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రెండు రోజులు కల్లు దొరక్కపోతే మూర్ఛలు వచ్చి, వింతగా మాట్లాడుతూ ఆసుపత్రికి వచ్చేవారు ఆ మత్తుమందుకు అలవాటుపడ్డవారే. గీత వృత్తి మీద నాకు గౌరవం ఉంది, ఆ వృత్తిని చంపుతున్నది కూడా ఈ కల్తీయే. కానీ చిన్న గిన్నెలోనైనా పిల్లలకు వద్దు. ఆ మాటలో నాకు మినహాయింపు లేదు.

ఈత వనం

కల్తీ సంగతి నిజమే. మా ఊళ్లోనే చెట్లు తగ్గిపోయాయి, కల్లు మాత్రం తగ్గలేదు. ఎక్కడి నుంచి వస్తోందని మేమెవరం అడగలేదు.

నల్లకోటు

చట్టం సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. దుకాణంలో వయసు అడిగేవాడు ఎవరంటే నేనూ చెప్పలేను.

చాలామందికి తెలియనిది బాల న్యాయ చట్టం, 2015. దాని 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుడు రాసిస్తే తప్ప, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మద్యం ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. అమ్మినవాడికే కాదు, ఇచ్చినవారెవరికైనా. మద్యం మోయడానికి, చేరవేయడానికి పిల్లలను వాడుకుంటే 78వ సెక్షన్, శిక్ష అంతే. కనుమ రోజు డాబా మీద జరిగింది ఈ చట్టం కిందికి వస్తుంది. మిమ్మల్ని బెదిరించడానికి కాదమ్మా. మనం సరదా అనుకునేదాన్ని చట్టం ఎంత పెద్ద నేరంగా చూస్తోందో తెలియాలని.

మైనరుకు బండి తాళం ఇచ్చి, వాడు నేరం చేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. తాగిన పిల్లవాడి చేతిలో బండి ఉంటే పోయేది వాడి ప్రాణం ఒక్కటే కాదు.

పెన్నా గట్టు

నెల్లూరు జిల్లా మాది. 1992లో నాకు పదకొండేళ్లు.

మా అమ్మ రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దేది. ఆ వాచకంలో సారా మీద ఒక పాఠం ఉండేది. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు ఊరూరా పాకింది, వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని మా ఊరి కొట్టు ముందు కూర్చుంది. ముప్పై మంది ఆడవాళ్లు, చేతుల్లో చీపుళ్లు, కారప్పొడి పొట్లాలు. సారా ప్యాకెట్ల జీపు వచ్చింది. అమ్మ లేవలేదు. డ్రైవరు హారను కొట్టాడు, కొట్టాడు, చివరికి వెనక్కి తిప్పుకుని పోయాడు. ఆ జీపు ఎర్ర దీపాలు చిన్నవై పోవడం ఇంకా కళ్లలో ఉంది.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ రెండేళ్లలో దొంగ సరుకు సరిహద్దులు దాటి ఎలా వచ్చిందో మేమందరం చూశాం. అందుకే పైనుంచి నిషేధం వస్తే చాలని నేను అనను. ఏమీ చేయలేమనీ అనను. జీపును వెనక్కి పంపింది కాగితం కాదు.

పోయిన ఏడాది మా వీధిలో తొమ్మిది ఇళ్ల తల్లులం ఒక మాట అనుకున్నాం. పిల్లలను కొట్టుకు సోడాకు కూడా పంపకూడదు. మా ఇళ్లలో శుభకార్యం జరిగితే మందు పోసే చోటుకు పిల్లలు రాకూడదు. ఎవరి పిల్లవాడు ఎక్కడ కనిపించినా, నా బిడ్డ కాదు కదా అని ఊరుకోకూడదు. ఇద్దరు తండ్రులు కోపగించుకున్నారు. ఒకాయన వినాయక చవితి చందా ఇవ్వనన్నాడు. ఇచ్చాడు చివరికి.

ఉత్తర తీరం

పన్నెండేళ్లుగా నార్వేలో ఉంటున్నాను. పెన్నా గట్టు గారి మాట చదివి ఐస్‌లాండ్ గుర్తొచ్చింది. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో కనీసం ఒకసారి ఒళ్లు తెలియకుండా తాగామని చెప్పారు. 2016కి అది 5 శాతానికి దిగింది. వాళ్లు చేసింది మీ తొమ్మిది ఇళ్లు చేసినదాన్ని పోలినదే. తల్లిదండ్రులు బడి స్థాయిలో కలిసి ఒప్పందాలు రాసుకున్నారు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చలికాలంలో రాత్రి పది దాటాక బయట తిరగకూడదన్నారు. దానితో సరిపెట్టలేదు. ప్రతి పిల్లవాడికీ ఆటకో, పాటకో, బొమ్మలు గీయడానికో ప్రభుత్వం, మునిసిపాలిటీలు డబ్బు పెట్టాయి. ఏటా పిల్లలను అడిగి లెక్కలు తీసి, ఏ బడి లెక్క ఆ బడికి చూపించారు.

చిన్న దేశం, డబ్బున్న దేశం, నిజమే. కానీ హాస్టల్ తమ్ముడు రాసిన "ఆట స్థలం లేదు" అన్న వాక్యం చూడండి. ఖాళీగా ఉన్న ఒక్క రోజుకు చోటు చూపించడం మనకూ చేతకాని పని కాదు. ఇక్కడ నార్వేలోనూ ఘాటు మద్యం ప్రభుత్వ దుకాణంలోనే అమ్ముతారు, శనివారం మధ్యాహ్నానికే మూసేస్తారు. తక్కువ అమ్మడం కోసం పెట్టిన దుకాణాలవి. మన రాష్ట్రాల్లో మద్యం మీద వచ్చే ఆదాయం బడ్జెట్‌కు ఊతకర్రలా తయారయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో తాగేవారు దేశంలో 19 శాతం ఉంటే తెలంగాణలో 43 శాతం. ఆ ఇళ్లలోనే పిల్లలు పెరుగుతున్నారు.

గుండ్లకమ్మ తీరం

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అన్ని జవాబులూ మా వారికి చదివి వినిపించాను. వైద్యుల గారి బీరు లెక్క దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఎనిమిదేళ్ల వెలుగు గారి మోటారు షెడ్డు చొక్కా దగ్గర లేచి బయటికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం వాడిని పొలానికి తీసుకెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా చెప్పలేదు. "నేను నవ్వాను కదా, అది తప్పు" అని నాన్న అన్నాడని వాడే చెప్పాడు. పెళ్లిలో ఎవరిచ్చారో కూడా చెప్పాడు. వరుసకు అన్న. "మగాడివేనా" అన్నాడట. ఆ ఒక్క మాటకే మూడు గ్లాసులు. వాడికి హాస్టల్ తమ్ముడు రాసింది చూపించాను. ఫోను మాట కూడా ఇచ్చాం, ఇద్దరం. వాడు నమ్మినట్లు లేడు, కానీ "నిజంగానే అడగరా?" అని రెండుసార్లు అడిగాడు.

మా మరిదికి ఫోను చేసి, ఇకపై పిల్లల ముందు సీసా తెరవద్దని మా వారే చెప్పారు. అతనికి కష్టమనిపించింది, ఇంకా మాట కలపలేదు. మా ఇంట్లో బియ్యం డబ్బా పైన, అటక మీద ఉండే సీసా ఇప్పుడు అక్కడ లేదు. పారబోశారో, వేరే చోట పెట్టారో నేను అడగలేదు.

వచ్చే శ్రావణంలో మా పుట్టింటి వైపు గృహప్రవేశం ఉంది. మగవాళ్లకు డాబా మీద ఏర్పాట్లు ఉంటాయని మా అన్నయ్య ముందే చెప్పాడు. పెన్నా గట్టు గారూ, మీ వీధిలో ఆ మొదటి మాట ఎవరితో, ఎలా మొదలుపెట్టారో రాయండి. అన్నయ్యకు ఈ ఆదివారం ఫోను చేయాలి.